ఊబకాయాన్ని సమాజం అంగీకరించాలా?

(స్వర్ణోత్సవ సభ రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1984 పదో తరగతి బ్యాచ్. ముప్పై ఏళ్ళకు పైగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసులో ఉన్నాను. రోజూ చూసేది బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఈ విషయం నాకే ఇచ్చి ఉంటారు. మధ్యాహ్నం భోజనాల ముందు ఊబకాయం మీద ప్రసంగం పెట్టడంలో నిర్వాహకుల చమత్కారం కూడా కొంత ఉంది.

నాకిచ్చిన ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. లావుగా ఉన్న మనిషిని అంగీకరించాలా అన్నది ఒకటి. మనుషుల్ని లావు చేస్తున్న పరిస్థితులను అంగీకరించాలా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు అవును, ఏ షరతూ లేకుండా. రెండోదానికి ససేమిరా కాదు. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు. మనిషిని వెక్కిరిస్తాం, పరిస్థితుల జోలికి మాత్రం పోం.

ఒకప్పుడు మనకు లావంటే ఇంత చిన్నచూపు లేదు. ‘ఒళ్ళు చేశాడు’ అంటాం చూడండి, ఏదో సంపాదించినట్టే ఉంటుంది ఆ మాట. హాస్టల్ నుంచి వచ్చిన మనవణ్ణి చూడగానే అమ్మమ్మ అనే మొదటి మాట ‘చిక్కిపోయావురా’. బొద్దుగా ఉన్న పసివాడికి దిష్టి తీస్తారు. కరువు చూసిన తరాలకు ఒంటి మీది కొవ్వు గాదెలో ధాన్యం లాంటిది. సినిమాల్లో రేలంగి, రమణారెడ్డి పక్కపక్కన నిలబడితే చాలు, హాలంతా నవ్వేది. ఆ నవ్వులో లావుకీ బక్కకీ చెరిసగం వాటా ఉండేది. ఇప్పుడు నవ్వంతా లావు మీదికే పోయింది. 2015లో ‘సైజ్ జీరో’ సినిమా కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది. కథేమో లావుపాటి అమ్మాయి ఆత్మగౌరవం గురించి. నా చుట్టూ నేను విన్న చర్చంతా ఆమె మళ్ళీ ఎప్పుడు సన్నబడుతుందనే. పెళ్ళిచూపుల సంగతి చెప్పనక్కర్లేదు. అమ్మాయి నడుము కొలుస్తారు, అబ్బాయి పొట్టని చొక్కా టక్ చేయకుండా దాచేస్తారు.

మన బడికే వద్దాం. నా తరగతిలో ఒకబ్బాయిని ‘బస్తా’ అనేవాళ్ళు. హాజరులో అసలు పేరు పిలిస్తే ఎవరో కొత్తవాడు చేరాడేమో అనిపించేది. ఎనిమిదో తరగతి దాకా కబడ్డీలో అతనే దిక్కు. పట్టు పట్టాడంటే విడిపించుకుని గీత దాటినవాడు లేడు. తొమ్మిదిలోకి వచ్చాక డ్రిల్ పీరియడ్ అనగానే అతనికి కడుపునొప్పి వచ్చేది. నిక్కరు వేసుకుని పరుగెడుతుంటే అరుగు మీంచి వచ్చే నవ్వులు అతనికి వినిపించేవి మరి. పదో తరగతి అయ్యేదాకా మళ్ళీ గ్రౌండులోకి దిగలేదు. ఆ వెక్కిరింతతో అతని బరువు ఒక్క కిలో తగ్గలేదు. ఆట మాత్రం పోయింది. ‘నాలుగు మాటలు అంటేనే గదా సిగ్గొచ్చి తగ్గేది’ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నా అనుభవంలో అలా తగ్గినవాళ్ళు నాకు తగల్లేదు. దాక్కుని తినడం నేర్చుకున్నవాళ్ళు, బయటికి రావడం మానేసినవాళ్ళు మాత్రం చాలామంది తగిలారు.

ఆస్పత్రికి రావడం మానేసినవాళ్ళూ ఉన్నారు. ఒకావిడ మూడేళ్ళ ఆయాసంతో నా దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు చూపించుకోలేదమ్మా అని అడిగితే, ‘ఎక్కడికి వెళ్ళినా ముందు బరువు తగ్గి రమ్మంటున్నారండీ, తగ్గాకే వద్దామనుకున్నా’ అంది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆరు గ్రాములుంది. ఆమె ఆయాసానికి అసలు కారణం రక్తహీనత. మనిషి లావుగా ఉండేసరికి అంతకు మించి ఎవరూ చూడలేదు.

లావు అంటే తిండి మీద అదుపు లేకపోవడం అనుకోవడం పాత వైద్యం. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనుక్కుంది. అది కొవ్వు కణాల నుంచే పుట్టి, ఒంట్లో నిల్వ ఎంత ఉందో మెదడుకు చెబుతుంది. అంటే మన బరువును మెదడు కాపలా కాస్తుందన్నమాట. కష్టపడి పది కిలోలు తగ్గినవాడికి మునుపటి కన్నా ఆకలి పెరుగుతుంది, ఒళ్ళు ఖర్చు చేసే శక్తి తగ్గుతుంది. పుట్టగానే విడిపోయి వేర్వేరు ఇళ్ళలో పెరిగిన కవలలు కూడా పెద్దయ్యాక బరువులో ఒకరినొకరు పోలి ఉంటారని 1990లోనే తేలింది. ఇప్పుడు సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు మన దేశంలోకీ వచ్చాయి. ఇవి వేసుకున్నవాళ్ళు ‘ఎప్పుడూ తిండి మీదే ఉండే ధ్యాస పోయింది డాక్టరుగారూ’ అంటున్నారు. ఆకలి గుణదోషమైతే వారానికొక సూదితో ఎలా తగ్గుతుంది? ఈ మందులు అందరికీ కావు, డాక్టరు పర్యవేక్షణ లేకుండా అసలు వద్దు. అది వేరే ప్రసంగం.

ఇంతవరకు విని, అయితే లావుగా ఉన్నా ఫరవాలేదన్నమాట అని ఎవరైనా ఊపిరి పీల్చుకుంటే ఆగండి. అమెరికాలో లావుపాటివారి హక్కుల ఉద్యమం 1969 నుంచి ఉంది. బరువును బట్టి ఉద్యోగంలో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదని న్యూయార్క్ నగరం 2023లో చట్టమే చేసింది. ఆ చట్టానికి నేను రెండు చేతులూ ఎత్తుతాను. కానీ ఎంత బరువైనా ఆరోగ్యమే అనే వాదాన్ని మాత్రం ఒప్పుకోలేను. మన తెలుగువాళ్ళ ఒంటికి అది అసలు నప్పదు.

ఎందుకో చెబుతాను. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ ఇద్దరూ తమ ఒళ్ళే కొలుచుకుని 2004లో లాన్సెట్ పత్రికలో ఫొటోతో సహా వేశారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరికీ ఒకటే: 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మన ఒంట్లో కొవ్వు అంత దాగి ఉంటుంది. అందుకే ప్రపంచం 30 దాటితే ఊబకాయం అంటుంటే, భారతీయులకు 25 చాలని మన వైద్యులు 2009లో నిర్ణయించారు. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి 68 కిలోలు దాటితే ఆ లెక్కలోకి వచ్చినట్టే. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఈ హాల్లో టేపు పెట్టి కొలిస్తే పక్కవాణ్ణి చూసి నవ్వే అర్హత ఎంతమందికి మిగులుతుందో నాకు అనుమానమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25, ఆపైన ఉన్న స్త్రీలు దేశం మొత్తం మీద నూటికి 24 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 36, తెలంగాణలో 30. ఇంతమందికి ఒకేసారి నాలుక మీద అదుపు తప్పిందంటే నేను నమ్మను. మారింది మన చుట్టూ ఉన్న లోకం. ఇంటర్ పిల్లలు తెల్లవారుజామున స్టడీ అవర్‌కు కూర్చుని రాత్రి పదింటికి లేస్తున్నారు. ఆట స్థలం లేని అపార్ట్‌మెంటులో కాలేజీ నడుస్తుంటే, ర్యాంకు వస్తుందంటే చాలని మనమే ఫీజు కడుతున్నాం. పుట్టినరోజుకి క్లాసంతా చాక్లెట్లు, టీచర్ల మీటింగుకి సమోసాలు, కూల్‌డ్రింకులు. సీబీఎస్‌ఈ 2025లో తన బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమంది. మంచిదే. ఆ బోర్డు చదివి పిల్లాడు గేటు బయటికొస్తే ఎదురుగా బేకరీ.

టీచర్లకు రెండు విన్నపాలు. పిల్లల బరువు చూసేటప్పుడు అందరిముందు గట్టిగా చదవకండి, ఆ అంకె ఆ బిడ్డకు, తల్లిదండ్రులకు తెలిస్తే చాలు. లావుగా ఉన్న పిల్లల్ని జట్టులో చివర మిగలనివ్వకండి. ముందు వాళ్ళనే పిలవండి.

పూర్వ విద్యార్థులకు ఒకే ఒక్కటి, కొంచెం మొహమాటంగానే చెబుతున్నాను. స్వర్ణోత్సవ నిధితో కట్టే ఆడిటోరియానికి కమిటీ ఎంచుకున్న స్థలం మన గ్రౌండు. నిన్న నమూనా చూశాను, చాలా అందంగా ఉంది. అది లేస్తే కబడ్డీ కోర్టు పోతుంది, ఖోఖో పోతుంది, వాలీబాల్‌కి ఒక మూల మిగులుతుంది. బడిలో ఇప్పుడున్న ఆరువందల మంది పిల్లల్లో చాలామందికి ఇంటి దగ్గర పరుగెత్తే చోటు లేదు. పాత సైన్సు ల్యాబు వెనక రాళ్ళగుట్టలున్న స్థలం ఖాళీగానే ఉంది. మన బ్యాచ్ ఇంజినీర్లు ఇద్దరు నిన్న సాయంత్రం కొలిచి చూశారు. చదును చేయడానికి ఖర్చు కొంత పెరుగుతుంది, సీట్లు ఓ వంద తగ్గుతాయి, అయినా కట్టొచ్చన్నారు. ఆ పెరిగిన ఖర్చులో మా 1984 బ్యాచ్ వాటా ఎంతో రాసి కార్యదర్శిగారికి ఇచ్చాం.

తీర్మానం మధ్యాహ్నం మూడింటికి చర్చకు వస్తుందట. భోజనాలయ్యాక దయచేసి ఎవరూ బస్సెక్కకండి.