వలస పిట్టల తిరుగు ప్రయాణం

ఫాల్గుణం వచ్చిందంటే మన సీమలో వలస పిట్టలకు ప్రయాణకాలం. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం నందికొట్కూరు దగ్గరే ఉంది. మధ్య ఆసియా నుంచి వచ్చి చలికాలం అక్కడ గడిపిన పిల్లిగద్దలు మార్చి, ఏప్రిల్‌లలో తిరుగుముఖం పడతాయి. పొద్దుగూకే వేళ నేలబారుగా ఎగురుతూ వచ్చి, గడ్డిలోనే రాత్రి బస చేస్తాయి. మిడతలను తిని రైతుకు మేలు చేస్తాయి. దూరం నుంచే చూడండి, గడ్డి తొక్కకండి.

కడపలోనో కర్నూలులోనో ఇంటిపట్టునే ఉంటే, పూసిన మోదుగును, బూరుగును పొద్దున్నే గమనించండి. తేనె కోసం గులాబీ గోరింకలు గుంపులుగా వాలతాయి. ఒళ్లు గులాబీ రంగు. తల, రెక్కలు నలుపు. మిద్దెమీద మట్టిమూకుడులో నీళ్లు పెట్టండి. చూసిన పిట్ట, చోటు, తేదీ రాసుకోండి. ఏటా రాస్తే వాటి రాకపోకల్లో మార్పులు మీకే తెలుస్తాయి.