తుపాకి లైసెన్సు, పాత శిక్షలు



మిరపకాయ కల్లములనుండి గుంటూరు యార్డునకు చేరు దినములలో మేము ఏ గ్రామమునకు పోయినను ఒక ప్రశ్న వినవచ్చుచుండును. సొమ్ముతో రాత్రివేళ తిరిగి రావలసివచ్చును గదా, పిస్తోలుకు లైసెన్సు దొరకునా అని. ఈ పర్యాయము ఒక పెద్ద రైతు గొంతు తగ్గించి, "అయ్యా, వయసులో ఉండగా గట్టు తగాదాలో కొట్లాడి ఆరు నెలలు జైలులో ఉంటిని. నాబోటివానికి ఇత్తురా?" అని అడిగెను. చుట్టునున్నవారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. అది అడుగదగిన ప్రశ్నయే.

మన దేశములో తుపాకి కలిగియుండుట జన్మహక్కు కాదు. 1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులో నున్నది. దాని 9వ సెక్షను ప్రకారము, హింసతో గాని నైతిక పతనముతో గాని కూడిన నేరమునకు జైలుశిక్ష పడినవాడు, ఆ శిక్ష ఎంత స్వల్పమైనను, అది ముగిసిన నాటినుండి 5 సంవత్సరముల వరకు ఆయుధము ఉంచుకొనరాదు. లెక్క తగాదా జరిగిన దినమునుండి కాదు, తీర్పు దినమునుండియు కాదు. శిక్ష ముగిసిన దినమునుండి. 2018 మార్చిలో శిక్ష ముగిసినవానికి 2023 మార్చి వరకు ఈ నిషేధము వర్తించినది. శాంతిభంగము చేయనని పూచీకత్తు వ్రాసియిచ్చినవారికిని, అనగా మనము బైండోవరు అనుకొనువారికిని, ఆ గడువు తీరువరకు ఇదే నిషేధము. ఎన్నికల తగాదాలు గల ఊళ్ళలో ఈ సంగతి మరవరాదు.

5 సంవత్సరములు గడచినంతమాత్రమున లైసెన్సు చేతికి రాదు. జిల్లా మేజిస్ట్రేటు పోలీసు నివేదిక తెప్పించుకొని, ప్రజాశాంతికి భంగమని తోచినచో నిరాకరింపవచ్చును. కాని ఆస్తి చాలదను ఒక్క కారణముతో నిరాకరింపరాదు. కారణమును వ్రాసియుంచవలెను, దానిపై అప్పీలు చేసికొనవచ్చును.

దరఖాస్తులో పాత శిక్షలను గూర్చి స్పష్టముగా అడుగుదురు. దాచరాదు. ముఖ్య విషయమును దాచి పొందిన లైసెన్సును 17వ సెక్షను క్రింద రద్దు చేయవచ్చును. శిక్ష కంటె దాపరికమే మనుష్యుని ఎక్కువ చెరచునని మా అభిప్రాయము.

మరియొక మాట. విచారణకు వచ్చిన పోలీసువారు మిమ్ములను అడుగుదురు. కక్షిదారుడని చెడుగాను, మనవాడని మంచిగాను చెప్పవలదు. కులమును బట్టి అసలే చెప్పవలదు. మన బాపట్ల చెంత స్టూవర్టుపురము ఎందుకు వెలసినదో మీరెరుగుదురు. నేరస్థ తెగల చట్టము క్రింద ఎరుకల కుటుంబములను, చేసిన నేరమునుబట్టి కాక పుట్టుకనుబట్టి, అచట కాపలాలో ఉంచిరి. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినది. మచ్చ మాత్రము మాటలలో మిగిలియున్నది. చట్టము చూచునది ఆ మనుష్యునికి కోర్టు వేసిన శిక్షను. వాని తాత పేరును కాదు.

పంటను అడవిపందులనుండి కాపాడుకొనుటకు పిస్తోలు పనికిరాదు. దానికి నాటు పద్ధతిలో మందు కూరి పేల్చు తుపాకికి చట్టమే చోటిచ్చినది. లైసెన్సు వచ్చినను తిరునాళ్ళకు, ఊరేగింపులకు, బడి ఆవరణలోనికి ప్రత్యేకానుమతి లేక తీసికొనిపోరాదు. పెండ్లి సందడిలో ప్రాణాపాయము కలుగునట్లు గాలిలో పేల్చినవానికి 2019 సవరణ ప్రకారము 2 సంవత్సరముల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. లైసెన్సు లేని తుపాకి దొరికినచో సాధారణముగా 2 మొదలు 5 సంవత్సరముల శిక్ష.

ఆ పెద్ద రైతు శిక్ష ముగిసి ఇరువది యేండ్లు దాటినది. తీర్పు నకలు తెచ్చుకొని, ఉన్నదున్నట్లు దరఖాస్తులో వ్రాయుమని చెప్పితిమి. "పిస్తోలు సంగతి తరువాత చూతము, ముందు సొమ్ము బ్యాంకులో వేయించుకొందును" అని ఆయన లేచి వెళ్ళెను.