డిస్కు పోయిందనుకున్నాం, వైరు వదులైంది

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పులు ఎంత, రికవరీ ఎంత అన్నది కోశాధికారి ఇప్పుడే చదివి వినిపించారు. మేము చెప్పబోయేది ఆ లెక్కలు దాచిన పెట్టె గురించి. కంప్యూటరు సంగతి మనకెందుకు, అకౌంటెంటు అమ్మాయి చూసుకుంటుందిలే అని మీరు అనుకోవచ్చు. మేమూ మొన్నమొన్నటి దాకా అలాగే అనుకున్నాం. అలా అనుకోబట్టే ఈ ఏడాది ఒక సంఘాన్ని నిండు సభలో తలదించుకునేలా చేశాం, ఒక ఆడపిల్లను దొంగను చూసినట్టు చూశాం. ఆ రెండూ మీ అందరి ముందే ఒప్పుకోవాలని ఈ మాటలు రాసుకొని వచ్చాం.

జరిగింది ఇది. మన ఆఫీసు కంప్యూటరు చాలా నెలలుగా సతాయిస్తోంది. పని చేస్తూ చేస్తూ బిగుసుకుపోయేది. ఒక్కోసారి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి డిస్కు కనపడటం లేదని చెప్పేది. ఆపి మళ్లీ వేస్తే మామూలే. అకౌంటెంటు ఈ మాట మూడు మీటింగుల్లో చెప్పింది. మేము మినిట్స్ పుస్తకంలో 'కంప్యూటరు రిపేరు, చూడవలెను' అని ఒక్క ముక్క రాసి సంతకాలు పెట్టి టీ తాగి వెళ్లిపోయాం. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, ఎవరైనా చూడొచ్చు.

సరిగ్గా ఆడిట్ నెలలో అది పూర్తిగా మొరాయించింది. కంప్యూటర్లో ఎక్కిస్తున్నాం కదా అని చేతి లెడ్జరు రాయడం 7 నెలల కిందటే మానేశాం. నెలవారీ మీటింగులో ఇంకేం చేయాలో తోచక ఆ పాత లెడ్జరు తీసి బాకీ ఉన్న సంఘాల పేర్లు చదివాం. అందులో ఒక సంఘం అప్పటికే చివరి కిస్తీతో సహా అణాపైసలతో కట్టేసింది. వాళ్ల పేరు చదివేసరికి నలుగురూ లేచి, మాట్లాడకుండా బయటికి నడిచారు. మర్నాడు రసీదులన్నీ చీర కొంగులో ముడేసుకొని తెచ్చి బల్ల మీద పరిచారు. రసీదుల మీద సంతకం మన అకౌంటెంటుదే. అప్పుడు మా బుద్ధి ఎటు పోయిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. డబ్బు తీసుకుంది, లెక్కలో ఎక్కించలేదు, ఇప్పుడు కంప్యూటరు మీద పెడుతోంది అనుకున్నాం. పైకి అనలేదు కానీ బీరువా తాళాలు ఆ అమ్మాయి దగ్గర నుంచి తీసేసుకున్నాం. అనడం కన్నా అదే ఎక్కువ.

ఒక రిపేరు షాపుకు తీసుకెళ్తే, చూసిన ఐదు నిమిషాలకే డిస్కు చచ్చిపోయింది, లోపలి లెక్కలు బయటికి తీయాలంటే 14 వేలు అవుతుంది అన్నారు. తీర్మానం రాయబోయాం కూడా. ఇంతలో మన సభ్యురాలి కూతురు, ఐటీఐలో కంప్యూటరు చదివిన పిల్ల, 'ఒకసారి నన్ను చూడనివ్వండి పెద్దమ్మా' అంది. పెట్టె పక్క రేకు తీసింది. డిస్కు నుంచి బోర్డుకు వెళ్లే సన్నటి ఎర్ర వైరు ఉంటుంది, దాన్ని సాటా కేబులు అంటారట. వేలితో తాకగానే అది ఊగింది. ఆఫీసు ఊడ్చినప్పుడల్లా పెట్టెను ఇటు లాగి అటు తోసింది మనమే కదా. వంద రూపాయల వైరు మార్చింది. కంప్యూటరు లేచింది. 7 నెలల లెక్కలూ, ఆ సంఘం కట్టిన ప్రతి కిస్తీ, తేదీతో సహా అందులోనే ఉన్నాయి.

గాదెలో ధాన్యం చెక్కుచెదరలేదు. ఊరి దారిలో కల్వర్టు కుంగింది, అంతే. మేము మాత్రం ధాన్యం పురుగు పట్టి పోయిందనుకొని కాపలా పిల్లను నిలదీశాం.

మరి వైరు పోయిందో డిస్కే పోయిందో ఎలా తెలుస్తుంది? ఆ పిల్ల మాకు చూపించింది, మేము మీకు చెప్తున్నాం. డిస్కు తన ఆరోగ్యం తనే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం వేస్తే ఆ చిట్టా కనపడుతుంది. పొడవాటి జాబితా, చూస్తే కళ్లు తిరుగుతాయి. మనకు కావలసింది నాలుగు వరుసలే.

మొదటిది 05. మన లెడ్జరులో చెదలు తిన్న పేజీ ఉంటే చివర ఉంచిన తెల్ల కాగితాల మీద ఆ లెక్క తిరగరాస్తాం చూడండి, డిస్కూ అలాగే చేస్తుంది. పాడైన చోటు వదిలేసి, విడిగా ఉంచుకున్న చోటు వాడుకుంటుంది. అలా ఎన్నిసార్లు చేసిందో అక్కడ ఉంటుంది. రెండోది సీ5. ఇది చదవడానికి రాక, ఏం చేయాలో తేలక ఆగి ఉన్న పేజీల లెక్క. మూడోది సీ6, వెతికినా చదవలేకపోయినవి. ఈ మూడూ సున్నా ఉండాలి. అంకె ఉండి, అది వారం వారం పెరుగుతుంటే డిస్కు లోపల జబ్బు మొదలైందని.

నాలుగోది సీ7. ఇది దారి లెక్క. మనం నోట్ల కట్ట పంపేటప్పుడు ఎన్ని నోట్లో చీటీ రాసి పెడతాం. అందుకున్నవాళ్లు లెక్కపెట్టి, చీటీతో సరిపోకపోతే మళ్లీ పంపమంటారు. వైరు మీద వెళ్లే సమాచారానికీ అలాంటి చీటీ ఉంటుంది. సరిపోని ప్రతిసారీ సీ7 ఒకటి పెరుగుతుంది. మన డిస్కులో మొదటి మూడూ సున్నా, సీ7 మాత్రం వందల్లో ఉంది. అంటే తప్పు దాదాపుగా దారిదే. ఒక మాట గుర్తుంచుకోండి, వైరు మార్చినా ఆ అంకె తగ్గదు, పాత మచ్చలా అలాగే ఉంటుంది. కొత్తగా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. మనది ఆ రోజు నుంచి ఒక్కటి కూడా పెరగలేదు.

ఈ వైర్ల మొనలు చాలా సున్నితం. పెట్టె లోపలి సాటా మొనను 50 సార్లు తీసి పెట్టడానికి లెక్కగట్టి చేస్తారట. బయట మనం రోజూ గుచ్చే మామూలు యూఎస్‌బీ మొనకు 1,500 సార్లు. రోజుకు నాలుగుసార్లు గుచ్చి పీకితే ఏడాది తిరిగేసరికి ఆ లెక్క దగ్గరికి వస్తుంది. పైగా మనది సముద్రం గాలి. ఇనుప బీరువాకే తుప్పు ఆగడం లేదు.

ఇక చేతిలో పట్టుకెళ్లే డిస్కు కథ వేరు. అది తిరగడానికి కరెంటు కూడా ఆ యూఎస్‌బీ వైరులోంచే తీసుకుంటుంది. పాత రకం పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, కొత్త రకం 900. కొత్త దానికి లోపలి నాలుక చాలావరకు నీలం రంగులో ఉంటుంది. పొడుగు వైరు కలిపినా, నాలుగు తలల హబ్బుకు గుచ్చినా కరెంటు చాలక డిస్కు టిక్ టిక్‌మని కొట్టుకొని, కనపడి మాయమవుతుంది. అప్పుడు పొట్టి వైరుతో కంప్యూటరు వెనక పోర్టుకే నేరుగా పెట్టి చూడాలి. 'ఫార్మాట్ చేయాలా' అని అడిగితే మాత్రం ఎవ్వరూ సరే నొక్కొద్దు. అది కొత్త పుస్తకం ఇస్తాను, పాతది చించేయనా అని అడగడమే.

వెనక పోర్టుకు పెట్టినా టిక్ టిక్ ఆగకపోతే ఇక లోపలి జబ్బే. లోపల పళ్లెం నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంది. చదివే ముల్లు దాన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వేల వంతు ఎత్తులో తేలుతుంటుంది. తిరుగుతుండగా బల్ల తన్నుకున్నా, ఎవరైనా తెలిసీ తెలియక మూత విప్పి దుమ్ము పోనిచ్చినా అంతే సంగతులు. అలాంటి డిస్కును పదే పదే వేసి చూడకూడదు. ఇంకా చదవగలుగుతుంటే ముందు కాపీ, తర్వాతే రిపేరు.

ఇది మాకు రెండోసారి దెబ్బతిన్నాక తెలిసింది. వైరు మార్చి కంప్యూటరు బాగుపడిన సంతోషంలో, ఫోటోలున్న చేతి డిస్కు సంగతి మర్చిపోయాం. అది పాతది. సీ5 పెరుగుతోందని అకౌంటెంటు చెప్పింది. ఇదీ వైరేలే అన్నాం! ఒకసారి దెబ్బ తిని నేర్చుకున్న పాఠాన్ని రెండోసారి తప్పు చోట అప్పజెప్పాం. నెలన్నరకు అది ఆగిపోయింది. సమాఖ్య పెట్టిన రోజు ఫోటోలు, మన మొదటి అధ్యక్షురాలు కలెక్టరు ముందు మైకు పట్టుకొని మాట్లాడిన ఫోటో, అన్నీ అందులోనే. ఈ సంచికలో మీరు చూస్తున్న ఆమె ఫోటో వాళ్లింటి గోడ మీది పటం నుంచి తీసింది. నుదుటి మీద ఇంట్లోవాళ్లు పెట్టిన కుంకుమ బొట్టు అలాగే అచ్చయింది.

స్మార్ట్ చిట్టా చూసుకుంటే చాలు కదా అని ఎవరైనా అడగవచ్చు. చాలదు. గూగుల్ వాళ్లు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో లెక్క చెప్పారు. చెడిపోయిన వాటిలో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు సూచనల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. ఉపరితలాన్ని పరీక్షించినప్పుడు మొదటి తప్పు కనపడితే మాత్రం, తర్వాతి 60 రోజుల్లో ఆ డిస్కు పోయే అవకాశం మిగతావాటి కంటే 39 రెట్లు. అంటే చెప్పినప్పుడు నమ్మాలి, చెప్పలేదని ధీమాగా ఉండకూడదు. బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ 2013లో తన దగ్గరి డిస్కుల లెక్క చెప్పింది, నాలుగేళ్లకు నూటికి 80 దాకా బతికి ఉన్నాయి. మిగతా 20లో మనది ఒకటి కాదని ఎవరు పూచీ ఇస్తారు? పూచీకత్తు లేకుండా మన సంఘంలో వెయ్యి రూపాయలు ఇవ్వం కదా.

అందుకే ఈ మహాసభ ముందు మేము పెడుతున్న తీర్మానం ఇది. రెండు కొత్త చేతి డిస్కులు కొనాలి. ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి వేరే ఊరి గ్రామ సంఘం దగ్గర ఉండాలి. నెలవారీ మీటింగుకు ఆ ఊరి కోశాధికారి తనది తెచ్చి ఇచ్చి, కొత్తగా ఎక్కించినది పట్టుకెళ్లాలి. మన ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు అందులో ఉంటాయి కాబట్టి రెండింటికీ తాళం మాట, అదే పాస్‌వర్డు, పెట్టాలి. కాపీ ఉందంటే సరిపోదు, మీటింగులోనే ఏదో ఒక సంఘం లెక్క తెరిచి అందరికీ చూపించాలి. చేతి లెడ్జరు ఇక ఒక్క నెల కూడా ఆపకూడదు. కంప్యూటరుకు యూపీఎస్ బ్యాటరీ మార్చాలి. డిస్కుకు నాలుగేళ్లు నిండితే బాగున్నా సరే కొత్తది కొనాలి.

తీర్మానం కన్నా ముందు ఇంకో పని ఉంది. ఆ సంఘం అక్కలు మూడో వరుసలో కూర్చున్నారు. మీ బాకీ ఏమీ లేదు, ఎప్పుడో తీర్చేశారు అని ఇదే మైకులో చెప్తున్నాం, పొరపాటు మాది. అకౌంటెంటు అమ్మకు బీరువా తాళాలు ఆ రోజే తిరిగి ఇచ్చాం కానీ, క్షమించమని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం. మూడు మీటింగుల్లో నువ్వు చెప్పిన మాట మేము వినలేదమ్మా.

తీర్మానానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి, రాసుకుంటాం.