బావురుపిల్లిని చంపితే చేపలు మిగులుతాయా?

దివిసీమలో సొర్లగొంది, నాచుగుంట మడ అడవుల్లో పెద్దపులి లేదు. అక్కడ వేట బావురుపిల్లిదే. ఇంటిపిల్లికి రెట్టింపు ఒళ్లు, పొట్టి తోక, వేళ్ల మధ్య కొద్దిపాటి చర్మపు పొర. రాత్రిళ్లు నీటి అంచున కదలకుండా కూర్చుని, చేప పైకి రాగానే పంజా విసురుతుంది. "చెరువులో చేపలు తినేస్తోంది, చంపితే పీడ పోతుంది" అనే రైతు మాటలో నష్టం నిజమే, మందే తప్పు. ఇది ఒంటరి జీవి, తన మేర తాను కాచుకుంటుంది. ఒకదాన్ని చంపితే ఆ ఖాళీలోకి సాధారణంగా మరొకటి వస్తుంది. పైగా ఎలుకల్నీ తింటుంది. గట్లకు బొరియలు పెట్టేది, వరి కంకులు కొరికేది ఎలుకే కదా!

"అభయారణ్యం ఉందిగా" అంటారు. కృష్ణా అభయారణ్యం సుమారు 195 చదరపు కిలోమీటర్లే. సరిహద్దు రాళ్లు పిల్లికేం తెలుసు? 1972 నాటి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు పిల్లిని కాపాడుతుంది గానీ, అభయారణ్యం దాటాక అది దాక్కునే తుంగను కాదు. అందుకే ఆక్వా రైతులకు విన్నపం: చెరువుకు కంచె వేయండి, కాలువ గట్టున తుంగ ఉంచండి. ఉచ్చు మాత్రం పెట్టకండి. అది జైలుశిక్ష పడే నేరం.