గిందుల అద్దమేది?



నేను స్త్రీల వైద్యురాలిని. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకామె, పరీక్ష బల్ల మీద నా చేతిలోని పరికరం చూసి బిగుసుకుపోయింది. "గిదేంది డాక్టరమ్మా, పటుకారా?" స్పెక్యులం అన్నాను. లాటిన్‌లో అద్దం అని అర్థం కూడా చెప్పాను. "మరి గిందుల అద్దమేది?" అంది. ఆనాడు తోచని జవాబు ఇవాళ చెబుతాను.

లాటిన్‌లో 'స్పెకెరె' అంటే చూడడం. చూపుకు సాధనం స్పెక్యులం. రోమన్లు ముఖం చూసుకున్నది ఎక్కువగా మెరుగు పెట్టిన కంచులో. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు మెరుగెక్కడం చూసినవాళ్లకు ఇది వింత కాదు. కంచులో తగరం పాలు మూడో వంతుకు పెరిగితే లోహం వెండిలా తెల్లబడి, పెళుసెక్కుతుంది. దాని పేరూ స్పెక్యులమే. 1668లో న్యూటన్ దుర్భిణికి పెట్టుకున్న అద్దం ఆ జాతిదే.

పుస్తకాలకూ ఆ పేరు పెట్టారు, మనం 'అభినయ దర్పణం', 'సాహిత్య దర్పణం' అనుకున్నట్టే. ఆ పేరు పక్షి రెక్కకూ ఎక్కింది. భూపాలపల్లి దగ్గరి గణపురం చెరువులో, ముక్కు కొసన పసుపు మచ్చ ఉన్న బాతు కనిపిస్తే, అది రెక్క విప్పేదాకా ఆగండి. తెల్లని అంచుల మధ్య ఆకుపచ్చ పట్టీ తళుక్కుమంటుంది. పక్షులను పరిశీలించేవాళ్లు దాన్నీ స్పెక్యులం అంటారు.

నా పరికరంలో రెండు రేకులు, అచ్చం బాతు ముక్కే. క్రీ.శ. 79లో బూడిద కింద పూడిపోయిన పాంపేయి నగరంలో ఇదే పనికి వాడే కంచు పరికరాలు దొరికాయి. ఈ పరికరంలో ప్రతిబింబం లేదు, లోపలికి దారి ఉంది. తెలుగులో మాత్రం? ముఖం చూపేదీ అద్దమే, బస్సు కిటికీదీ అద్దమే, కళ్లజోడుదీ అద్దమే. ఆమెకు ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది!

ఈ అద్దం తెరిస్తేనే గర్భాశయ ముఖద్వారం కంటికి ఆనుతుంది. పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది ఒక్క నిమిషం ఆగితే, కణాల్లో తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. తెల్లబడ్డదల్లా క్యాన్సర్ కాదు, కానీ ముదరక ముందే పట్టుకునే దారుల్లో అదొకటి. 30 నుంచి 65 ఏళ్ల మధ్య ప్రతి స్త్రీకీ అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలి. ఆ పేరుకు, ఆ రేకులకు జడిసి ఆడవాళ్లు ఇంటికి మళ్లిపోవడం నాకు భరించలేని బాధ.

అందుకే ఇప్పుడు ముందుగా ఒక స్పెక్యులం పరీక్షకు వచ్చినవాళ్ల చేతికే ఇస్తున్నాను. తెరుస్తారు, మూస్తారు. "సల్లగున్నది" అంటారు. పరీక్షకు తీసినదాన్ని గోరువెచ్చని నీళ్లలో ముంచి తెస్తాను.