సంఘం కంప్యూటరు ఎప్పుడు మార్చాలి?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు ఇచ్చిన అంశం చిన్నదిగా కనబడుతుంది. సంఘం కార్యాలయంలో బల్లమీద ఉన్న కంప్యూటరును ఎప్పుడు మార్చాలి, కొత్తది ఎప్పుడు కొనాలి అన్నదే ఆ అంశం. నేను సహకార డిప్లొమా చదివినవాణ్ణి గాని కంప్యూటరు ఇంజనీరును కాను. అయినా తనిఖీకి వెళ్ళిన చోటల్లా ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంది. "అయ్యా, మాది ఏడేళ్ళ నాటిది. ఈ ఏడు లాభం బాగుంది, కొనెయ్యమంటారా?" అని అధ్యక్షులవారు అడుగుతారు. "ఇంకా నడుస్తూనే ఉంది గదా, ఎందుకు దండుగ?" అని పక్కనున్న సభ్యుడు అంటాడు. ఒకరు డబ్బును చూస్తున్నారు, ఒకరు యంత్రాన్ని చూస్తున్నారు. నేను మిమ్మల్ని పాల బిల్లును చూడమంటాను.

వెనకటి రోజుల్లో గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం కట్టి, కార్యదర్శి రిజిస్టరులో రాసి, పది రోజులకొకసారి కూడికలు వేసి బిల్లులు తయారుచేసేవారు. పని నిదానమే గాని ఆ రిజిస్టరు ఒక రాత్రిలో మాయమయ్యేది కాదు. ఇప్పుడు అనేక సంఘాలలో తూకపు యంత్రం, పాల విశ్లేషణ యంత్రం, కంప్యూటరు, చీటీ కొట్టే ప్రింటరు ఒకదానికొకటి కలిపి ఉన్నాయి. సభ్యురాలు పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ అందులోకి వెళ్తాయి. అంటే ఆమె కష్టార్జితం లెక్క అంతా ఆ పెట్టెలో ఉంది. పెట్టె ఆగితే బిల్లు ఆగుతుంది.

ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు అవసరం లేదు. పది రోజుల బిల్లు కాలంలో తొమ్మిదవ నాడు ఉదయం కంప్యూటరు లేవలేదు. హార్డు డిస్కు పోయింది. నకలు తీసి పెట్టుకోలేదు. మొత్తం ఎన్ని లీటర్లు వెళ్ళాయో, సగటు వెన్న ఎంతో ట్రక్ షీటులో ఉంది. అందులో ఎవరి వాటా ఎంతో తేలదు. చీటీలు కొందరు పారేశారు, కొందరి చీటీల మీద అక్షరాలు వెలిసిపోయాయి. ఒక పెద్దమ్మ మాత్రం, "నాయనా, మా మనవరాలు రోజూ పుస్తకంలో రాస్తుంది, చూసుకో" అని నోటు పుస్తకం తెచ్చి ఇచ్చింది. మిగిలినవారికి అంతకుముందు బిల్లు సగటును బట్టి చెల్లించవలసి వచ్చింది. కొత్తగా గేదె ఈనినవారు నష్టపోయారు, గేదె వట్టిపోయినవారు లాభపడ్డారు. బిల్లు మూడు వారాలు ఆలస్యమయింది. దాణా బాకీ ఉన్నవారు కొందరు ఆ లోపలే ప్రైవేటు కేంద్రానికి పాలు మళ్ళించారు. అంతకుముందు నాలుగు నెలలుగా ఆ యంత్రం ఉదయంపూట రెండు మూడుసార్లు నొక్కితేగాని లేచేది కాదట. ఆ మాట పాలకవర్గ సమావేశంలో ఒక్కసారీ చర్చకు రాలేదు.

కాబట్టి చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా ఉండటానికి ముందే ఒక నియమం పెట్టుకోవాలి. మొదట, కొనకూడని సమయాలు చెబుతాను.

మార్చి నెలలో డబ్బు మిగిలిందని కొనటం ఒకటి. డబ్బు మిగలటం అవసరానికి రుజువు కాదు. కొత్త రకం బజారులోకి వచ్చిందని కొనటం రెండవది. కొత్త రకం ఏటా వస్తుంది. పాత యంత్రం పూర్తిగా చచ్చిన మర్నాడు పరుగున వెళ్ళి కొనటం మూడవది, అన్నిటికంటే ఖరీదైనది. ఆ రోజున మూడు కొటేషన్లు పిలిచే తీరిక ఉండదు, దుకాణంలో ఏది ఉంటే అది తెచ్చుకోవలసి వస్తుంది.

ఇక మార్చవలసిన సమయాన్ని గుర్తించటం. గేదె ఒక పూట పాలు తగ్గించిందని ఎవరూ సంతకు తోలరు. మేత చూస్తాం, పొదుగు చూస్తాం, డాక్టరును పిలుస్తాం. కంప్యూటరు విషయంలోనూ అదే వరుస. నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటి ప్రశ్న: జబ్బు చిన్న భాగంలో ఉందా? ఉదయం తెరవగానే తేదీ, గంట తప్పుగా చూపుతుంటే లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. అది వంద రూపాయల లోపు వస్తువు. దాన్ని పట్టించుకోకపోతే మాత్రం ఈనాటి పాలు ఎప్పటి తేదీలోనో పడి బిల్లు తారుమారవుతుంది. కరెంటు పోగానే యంత్రం కూడా ఆగితే యు.పి.ఎస్. బ్యాటరీ చూడండి. మామూలుగా అది రెండు మూడేళ్ళకు బలహీనపడుతుంది. యంత్రం మరీ మందకొడిగా ఉంటే చాలాసార్లు కారణం తిరిగే రకం పాత హార్డు డిస్కు, లేదా మెమరీ చాలకపోవటం. హార్డు డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయిస్తే అదే యంత్రం కొన్నేళ్ళు చక్కగా నడుస్తుంది. దుమ్ము పట్టి ఫ్యాను తిరగక వేడెక్కటం, ఎర్తింగు సరిగా లేకపోవటం కూడా చూడవలసినవే. ఎర్తింగు బాగుచేయకుండా కొత్త యంత్రం తెస్తే అదీ పాతదాని దారిలోనే పోతుంది.

రెండవ ప్రశ్న: మరమ్మతు ఖర్చు ఎంత? గత పన్నెండు నెలల మరమ్మతు బిల్లులు, ఇప్పుడు మెకానిక్ చెప్పిన అంచనా కలిపి కూడండి. ఆ మొత్తం కొత్త యంత్రం ధరలో సగం దాటితే ఇక దానిమీద ఖర్చు పెట్టవద్దు. ఇది చట్టం కాదు, తనిఖీలలో నేను చెప్పే లెక్క. ఇందుకోసం మరమ్మతులకు వేరే పద్దు రాయండి. అన్నీ చిల్లర ఖర్చుల కింద రాస్తే యంత్రం ఎంత తిన్నదో ఎవరికీ తెలియదు.

మూడవ ప్రశ్న: యంత్రానికి తయారీదారు మద్దతు ఉందా? విండోస్ 7 కు 2020 జనవరి 14న, విండోస్ 10 కు 2025 అక్టోబరు 14న మామూలు మద్దతు ముగిసింది. ఆ తేదీతో యంత్రం ఆగిపోదు. దొంగలు దూరే కొత్త కంతలను ఉచితంగా పూడ్చటం మాత్రం ఆగిపోతుంది. సంఘం యంత్రం ఇంటర్నెట్టుతో యూనియన్‌కు లెక్కలు పంపుతూ, సభ్యుల బ్యాంకు ఖాతాలకు సొమ్ము వేసే పనిలో ఉంటే ఇది పెద్ద విషయం. విండోస్ 11 కు కనీసం 4 జి.బి. మెమరీ, 64 జి.బి. నిల్వ, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. సుమారు 2018కి ముందు తయారైన యంత్రాలలో చాలావాటికి ఈ అర్హత లేదు. మీది ఎక్కుతుందో లేదో ముందు పరీక్ష చేయించండి. ఎక్కితే కొత్తది కొననక్కరలేదు. ఎక్కకపోతే దానిని ఇంటర్నెట్టు పనినుంచి తప్పించి, మార్పుకు తేదీ నిర్ణయించండి.

నాలుగవ ప్రశ్న: ఒక్క పూట అయినా పాల సేకరణ ఆగిందా? మూడు నెలల్లో రెండుసార్లు ఆగి, మరమ్మతు తరువాత మళ్ళీ ఆగితే, యంత్రం వయస్సు ఎంతైనా సరే, దానిని నమ్మరాదు. ఏడేళ్ళదైనా ఒక్క పూట ఆగని యంత్రాన్ని తొందరపడి మార్చనక్కరలేదు. 2013 నాటి కంపెనీల చట్టం రెండవ షెడ్యూలులో డెస్కుటాపు కంప్యూటరు ఆయుర్దాయం 3 సంవత్సరాలుగా చూపారు. అది కంపెనీలు తరుగుదల కట్టటానికి పెట్టిన గడువు. పుస్తకంలో విలువ సున్నా అయినంత మాత్రాన బల్లమీది యంత్రం పనికిరానిది కాదు.

ఇక్కడ మరొక మాట. "కొంటే పెద్దదే కొనండి, ప్రొఫెషనల్ వర్క్‌స్టేషన్ తీసుకోండి, పదేళ్ళు చూసుకోనక్కరలేదు" అని చెప్పేవారుంటారు. వర్క్‌స్టేషన్ మంచి యంత్రమే. ఇంజనీరింగు నమూనాలు గీసేవారికి, సినిమా ఎడిటింగు చేసేవారికి, పెద్ద శాస్త్రీయ లెక్కలు కట్టేవారికి దాన్ని తయారు చేస్తారు. అందులో చాలావాటికి తప్పును తానే పట్టి దిద్దుకునే ఇ.సి.సి. మెమరీ ఉంటుంది. మరి మన పని ఎంత? 200 మంది సభ్యులు రెండు పూటలా పాలు పోస్తే రోజుకు 400 పద్దులు, సంవత్సరానికి 1,46,000. పద్దుకు వంద అక్షరాలు పట్టినా ఏడాదికి 1 కోటి 46 లక్షల అక్షరాలు. పదేళ్ళ లెక్క కలిపినా చిన్న పెన్‌డ్రైవులో ఒక మూలకు సరిపోతుంది. ఈ పనికి వర్క్‌స్టేషన్ కొనటం పాలక్యాను మోయటానికి లారీ కట్టించుకోవటం వంటిది. వందల సంఘాల లెక్కలు ఒకచోట చేరే జిల్లా యూనియన్‌లో దాని అవసరం ఉండవచ్చు. గ్రామ సంఘానికి మూడేళ్ళ ఆన్‌సైట్ వారంటీ ఉన్న, కార్యాలయాల కోసం తయారుచేసిన మామూలు డెస్కుటాపు చాలు. మిగిలిన డబ్బు మంచి యు.పి.ఎస్.కు, ఎర్తింగుకు పెట్టండి.

ఆగితే ధర తగ్గుతుందా అని అడుగుతారు. ప్రతిసారీ తగ్గదు. 2025 చివరి నెలల్లో మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధకోసం కట్టే పెద్ద కేంద్రాలు చిప్పులను విపరీతంగా కొనటం దానికి ముఖ్య కారణం. ధరను ముందుగా ఊహించటం మన చేతిలో లేదు. నిధి కూడబెట్టుకోవటం మన చేతిలో ఉంది.

ఆ లెక్క చూడండి. యంత్రం, సామగ్రి కలిపి రూ. 50,000 అయి, 6 ఏళ్ళు నడుస్తుందనుకుందాం. సంవత్సరానికి సుమారు రూ. 8,333, రోజుకు సుమారు 23 రూపాయలు. రోజుకు 500 లీటర్లు సేకరించే సంఘానికి లీటరు మీద 5 పైసల లోపే. తరుగుదలను చాలా సంఘాలు పుస్తకంలో రాస్తున్నాయి గాని ఆ సొమ్మును పక్కన పెట్టటం లేదు. ముసలి గేదె వట్టిపోయేనాటికి ఇంట్లో పెయ్య ఎదిగివచ్చేటట్టు చూసుకునేవారే మంచి పాడి రైతులు. అలాగే యంత్రం కొన్న నాడే తరువాతి యంత్రానికి వేరే ఖాతా తెరవండి.

కొనే నెల కూడా ముఖ్యమే. మార్చి లెక్కలు ముగించాక, మే, జూన్ నెలల్లో గేదె పాలు తక్కువగా వచ్చేటప్పుడు మార్చండి. పాలు ఎక్కువగా వచ్చే శీతాకాలంలో, బోనస్ లెక్కలు కట్టే రోజుల్లో ముట్టుకోవద్దు. కొనే ముందు మీ తూకపు యంత్రం, పాల విశ్లేషణ యంత్రం కొత్తదానికి కలుస్తాయో లేదో అక్కడే పరీక్షించండి. పాత పరికరాలకు తొమ్మిది సూదుల సీరియల్ తీగ ఉంటుంది. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఆ రంధ్రం ఉండదు. దానికి మార్పిడి తీగ కావాలి, అది పనిచేస్తుందని చూసిన తరువాతే డబ్బు చెల్లించాలి. ఒకే వివరాలతో మూడు కొటేషన్లు, పాలకవర్గ తీర్మానం, సంఘం పేర బిల్లు, స్టాకు రిజిస్టరులో పద్దు తప్పనిసరి.

తెచ్చిన తరువాత ఒక పూర్తి బిల్లు కాలం పాతదీ కొత్తదీ రెండూ నడపండి. రెండింటి మొత్తాలు సభ్యుల వారీగా సరిపోయాకే పాతదాన్ని పక్కన పెట్టండి. రోజూ రాత్రి లెక్కల నకలు తీసి, ఒక ప్రతి కార్యాలయం బయట భద్రపరచండి. పాత యంత్రాన్ని ఇచ్చేసేటప్పుడు డిస్కు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. సభ్యుల బ్యాంకు ఖాతాల వివరాలు అందులో ఉంటాయి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. మిగిలిన భాగాలను నమోదైన సంస్థలకే అప్పగించండి, పాత ఇనుము బండికి వేయవద్దు.

చివరగా ఒక కోరిక. ఈ నెల పాలకవర్గ సమావేశంలో పది నిమిషాలు దీనికి కేటాయించండి. మీ యంత్రం కొన్న సంవత్సరం, గత ఏడాది మరమ్మతు ఖర్చు, ఆగిపోయిన పూటలు, ఆఖరుసారి నకలు తీసిన తేదీ, ఈ నాలుగూ మినిట్సు పుస్తకంలో రాయించండి. వచ్చే తనిఖీలో నేను ముందుగా అడిగేది ఆ పేజీనే. సభ్యులు కూడా సర్వసభ్య సమావేశంలో ఇదే అడగవచ్చు, అడగాలి కూడా. యంత్రం సంఘానిదే అయినా అందులోని లెక్క మీది.