నూట తొమ్మిదా, నూట పదహారా

చెడిపోయిన డేటాబేస్ టేబుళ్ల గురించి మాట్లాడమని ఈ రేడియో కేంద్రం వారు అడిగితే, ఈ రోజుల్లో అవి ఎవరికి కావాలండీ అన్నాను. పైకి అలా అన్నాను గానీ లోపల సంతోషమే. ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పెట్టిన అన్నం ఇరవై ఏళ్లు తిన్నవాణ్ణి. కొత్త వెర్షన్లు ఇక రావని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసినా, మా పాత పార్టీలు ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ దాంట్లోనే బిల్లులు కొడుతున్నారు.

టేబుల్ అంటే ఏమిటో, రికార్డంటే ఏమిటో మీకు తెలుసు. వాటికొచ్చే జబ్బులు ముఖ్యంగా మూడు: హెడర్‌కి, ఇండెక్స్‌కి, మెమోకి.

హెడర్ జబ్బంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. టేబుల్ ఉండే డీబీఎఫ్ ఫైలు మొదట్లో ఉండేదే హెడర్. అందులో మొదటి బైటు అది ఏ రకం ఫైలో చెబుతుంది. తర్వాతి మూడు బైట్లు చివరిసారి మార్చిన తేదీ. ఆ తర్వాతి నాలుగూ లోపల ఎన్ని రికార్డులున్నాయో చెప్పే లెక్క. పాత ఫాక్స్‌ప్రో ఆ లెక్కనే నమ్మేది. లోపలికి వెళ్లి చూసేది కాదు.

1996 వేసవి. గుంటూరు మిర్చియార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టు. మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, ముమ్మరంగా దిగుతున్న రోజు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అంతకు ముందే చచ్చిపోయి ఉంది. కరెంటు వచ్చాక టేబుల్ మామూలుగానే తెరుచుకుంది, ఒక్క ఎర్రరూ లేదు. పెద్ద గుమాస్తాగారు మాత్రం తన చిట్టా ముందేసుకుని, "బాబూ, ఏడు లాట్లు తక్కువున్నాయి" అన్నారు.

హెడర్‌లో చూస్తే 4,205. ఫైలు సైజు 3,66,798 బైట్లు. అందులోంచి హెడర్ మొత్తం 353, చివరి ముగింపు గుర్తు 1 తీసేసి, రికార్డు పొడవు 87తో భాగించాను. శేషం లేకుండా 4,212 వచ్చింది! ఏడు లాట్లూ డిస్కు మీదే ఉన్నాయి. రికార్డులు పడ్డాయి గానీ, హెడర్‌లో లెక్క దిద్దేలోగా కరెంటు పోయింది. ఈలోగా ఎవరైనా ఇంకో లాటు ఎక్కించి ఉంటే, అది ఆ ఏడింటిలో మొదటిదాని నెత్తిన కూర్చునేది.

ముందు ఫైలుకి కాపీ తీశాను. లెక్క ఉండే ఆ నాలుగు బైట్లలో చిన్న విలువ ముందుంటుంది: మొదటిది 109, రెండోది 16. పదహారుని 256తో హెచ్చవేసి 109 కలిపితే 4,205. ఆ 109ని 116 చేశాను. మార్చింది ఒక్క బైటు, అంతే. ఏడు లాట్లూ వచ్చి వరసలో నిలబడ్డాయి. సంగతి చెబితే గుమాస్తాగారు నవ్వి, "అయితే నూటపదహార్లు చదివించావన్నమాట" అన్నారు. షావుకారుగారు నాకు కాఫీతో సరిపెట్టారు.

ఈ భాగహారం ఇప్పుడెవరూ చేయడం లేదు. కుర్రాళ్లు కాపీ కూడా తీయకుండా అసలు ఫైలు మీదే రిపేర్ టూల్ నడిపేస్తారు. అది తనకు చదవరానివి వదిలేసి, పని అయిపోయిందని చెప్పినా చెప్పవచ్చు. ఎన్ని ఉండాలో తెలియనివాడికి ఎన్ని పోయాయో ఎలా తెలుస్తుంది? ఆ రోజు కొట్టుని కాపాడింది నా తెలివి కాదు, చిట్టా. రోజు చివర్న రికార్డుల మొత్తం ఒక కాగితం మీద రాసుకోమంటే, "సిస్టంలో ఉంటుంది కద సార్" అంటున్నారు. ఆ సిస్టమే కదయ్యా 4,205 అన్నది!

ఇక ఇండెక్స్. రికార్డు బ్రౌజ్‌లో కళ్లెదుటే ఉంటుంది, వెతికితే దొరకదు. రీఇండెక్స్ కొడితే చాలదు, అది పాత ఇండెక్స్ ఫైలు సీడీఎక్స్‌లో రాసి ఉన్న సూత్రాలనే నమ్ముకుంటుంది. దాన్ని తీసేసి కొత్తగా కట్టుకోవాలి. ఏ ట్యాగు ఏ సూత్రంతో కట్టారో బాగున్నప్పుడే రాసిపెట్టుకోండి.

మెమో సంగతి... డీబీఎఫ్ ఒక రోజుదీ, మెమో రాత ఉండే ఎఫ్‌పీటీ ఇంకో రోజుదీ కలిపి పెట్టకండి. కాపీ తీస్తే రెండూ జంటగా తీయాలి. దీని మీద చెప్పాల్సింది చాలా ఉంది గానీ, అద్దం అవతలి నుంచి చేయి ఊపుతున్నారు. ఇవాళ కొట్టు కట్టేసేముందు ఆ రికార్డుల లెక్క కాగితం మీద వేయండి.